ఆమెన్ అనే మనిషి

ముందు ఎడమ చక్రంలో మళ్ళీ వెంట్రుకలు చుట్టుకున్నాయి. అతను ట్రాలీని గోడకు ఆనించి, గొంతుక్కూర్చుని, పాత బ్లేడు ముక్కతో వాటిని కోసి తీస్తున్నాడు. ఆస్పత్రి నేలను ఎంత ఊడ్చినా ఏవో మిగిలే ఉంటాయి. దూది పోగులు, కట్టు గుడ్డల దారాలు, ఎవరివో పొడుగాటి తల వెంట్రుకలు, అన్నీ కలిసి ఇరుసు చుట్టూ తాడులా బిగుసుకుంటాయి. తియ్యకపోతే బండి ఎడమకు లాగుతుంది. లాగితే గోడకు తగులుతుంది. తగిలితే దాని మీద పడుకున్న మనిషి కుట్లు కదులుతాయి. అందుకే డ్యూటీలోకి రాగానే అతను చేసే మొదటి పని ఇదే.

చేతులు పని చేస్తుంటే పెదాలూ కదులుతున్నాయి. "ప్రభువా, ఈ రోజు ఈ బండి ఎక్కేవాళ్ళందరినీ..." అని మొదలుపెట్టాడు. చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. బాగానే తిరిగింది. ప్రార్థన ఎక్కడ ఆగిందో మాత్రం గుర్తురాలేదు. బ్లేడు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని లేచాడు.

ఆస్పత్రిలో అతన్ని అందరూ ట్రాలీ అన్న అంటారు. తొందరలో ఉన్న నర్సులకు ఆ అన్న కూడా ఎక్కువే. "ట్రాలీ!" అని పిలుస్తారు. బండి రావాలన్నా, మనిషి రావాలన్నా అదే పిలుపు. యాభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి బండి తోసి తోసి కుడి భుజం కాస్త కిందికి వాలింది. అరచేతుల్లో బొటనవేలి మొదట్లో చర్మం చెప్పు అడుగులా మొద్దుబారింది. లేత ఆకుపచ్చ యూనిఫాం చొక్కా ఒకప్పుడు సరిపోయేది. ఇప్పుడు భుజాల మీంచి జారుతోంది.

ఈ మధ్య అతను ఒకచోట నిలబడలేకపోతున్నాడు. లిఫ్టు రావడం ఆలస్యమైతే మెట్ల దాకా వెళ్ళి తిరిగి వస్తాడు. టీ గ్లాసు పట్టుకుని వరండా అంతా నడుస్తాడు. ఇంట్లో మోకరించి రెండు మాటలన్నాడో లేదో, కుళాయి సరిగా కట్టానా అని లేస్తాడు. మళ్ళీ మోకరిస్తాడు. తలుపు గడియ గుర్తొస్తుంది.

అతని ప్రార్థన ముగియడం లేదు. అదీ అతని బాధ.

పెళ్ళైన మొదటి సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మంచం పక్కన పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచేవాళ్ళు. దాని మీద ఇద్దరూ మోకరించేవాళ్ళు. అతను ప్రార్థన చేసేవాడు. ఆవిడ ఆమెన్ అనేది. అతని ప్రార్థన పొడుగు. వార్డులో చూసిన ప్రతి మనిషినీ, చుట్టాలనూ, చుట్టాల చుట్టాలనూ తలుచుకుంటూ పోయేవాడు. స్టవ్ మీద పాలు పొంగే వేళకు ఆవిడ మధ్యలోనే "ఆమెన్" అనేసి లేచేది.

"నేనింకా ముగించలేదు," అనేవాడు కోపంగా.

"దేవుడికి మీ ఒక్కరి పనేనా ఏమిటి? లేవండి, లేవండి."

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం, అతను డ్యూటీలో ఉండగా, ఆవిడ కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. పిల్లలు లేరు. ఆ తర్వాత అతని ప్రార్థనకు అడ్డం పడేవాళ్ళు లేకపోయారు. అది సాగుతుంది, సాగుతుంది, కరెంటు బల్బు మార్చాలన్న మాట మీదికి పోతుంది, చెప్పుల తెగిన పట్టీ మీదికి పోతుంది, చివరికి ఎక్కడో ఇంకిపోతుంది. తన ప్రార్థనకు తానే ఆమెన్ అనుకోవడం తన భుజం తానే తట్టుకున్నట్టుంటుంది. ఒకటి రెండుసార్లు ప్రయత్నించాడు. ఆ మాట గదిలో వింతగా వినిపించి, ఎవరో వచ్చారేమోనని వెనక్కి చూశాడు.

చర్చిలో మంచివాళ్ళే ఉన్నారు. ఎవరూ అతన్ని పట్టించుకోలేదని అనడానికి లేదు. కానీ అతను ఎవరి దగ్గరికి వెళ్ళినా వాళ్ళే అతని కోసం ప్రార్థన చేసేవాళ్ళు. అయ్యగారైతే నెత్తి మీద చెయ్యి పెట్టి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా చేసేవారు. అంతా అయ్యాక ఆమెన్ అనే పని అతనికే మిగిలేది. ఒంటరివాడికి ప్రార్థన అవసరమని అందరికీ తెలుసు. అతను చేసే ప్రార్థన పక్కన మోకరించాలని ఎవరికీ తోచలేదు. నోరు తెరిచి అడగడానికి అతనికి సిగ్గు.

నిన్న సాయంత్రం దుప్పటిని మడిచి బీరువా మీద పెట్టేశాడు. "రేపు సాయంత్రంలోగా ఎవరైనా సరే, ఒక్క మనిషి నా ప్రార్థనకు ఆమెన్ అనాలి. లేకపోతే ఇది ఇక దించను," అన్నాడు పైకి. అన్నాక భయమేసింది. దేవుణ్ణి బెదిరించే పాటివాడినా నేను అనుకున్నాడు. అయినా దుప్పటి దించలేదు.

పొద్దున బస్సు కోసం నిలబడ్డప్పుడే మొదటి ప్రయత్నం చేశాడు. భార్య అక్కకు ఫోను కలిపాడు.

"వదినగారూ, రెండు నిమిషాలు తీరికుందా? నేను ప్రార్థన చేస్తాను, మీరు..."

"ప్రార్థనా? దానికి అడగాలా మరిదిగారూ? కళ్ళు మూసుకోండి," అని ఆవిడ మొదలుపెట్టేసింది. మంచి గొంతు ఆవిడది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇంకో బస్సు వచ్చింది. అతను ఒక చెవి మూసుకుని, ఫోను రెండో చెవికి అదుముకుని నిలబడ్డాడు. చివరికి ఆవిడ ఆగింది. ఇటునుంచి ఏదో రావాలి కాబట్టి "ఆమెన్" అన్నాడు.

"మనసు తేలికపడిందా?"

"పడింది వదినగారూ."

ఫోను పెట్టేసి, అబద్ధం ఆడినందుకు క్షమించమని ఇంకో ప్రార్థన మొదలుపెట్టాడు. అదీ బస్సు మెట్టు దగ్గర ఆగిపోయింది.

రెండో ప్రయత్నం గేటు దగ్గర వాచ్‌మన్‌తో. అతనిది ఈ మతం కాదు. కానీ వేళాకోళం మనిషైనా, చెప్పింది చేసే రకం.

"తమ్ముడూ, ఒక సాయం. నేను రెండు ముక్కలు ప్రార్థన చేసుకుంటాను. చివర్లో ఆమెన్ అంటావా?"

"అంతేనా? అప్పేమో అనుకుని హడలిపోయాను. చెప్పులు విప్పాలా?"

"అక్కర్లేదు."

"టోపీ?"

అతను కాస్త ఆలోచించాడు. "టోపీ తీస్తే మంచిది."

వాచ్‌మన్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు. అతను కళ్ళు మూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. గేటు బయట కారు హారన్ గట్టిగా మోగింది. వాచ్‌మన్ టోపీ పెట్టుకుంటూ పరిగెత్తాడు. గొలుసు తీసి, కారును లోపలికి పంపి, వెనక ఆటోవాణ్ణి తిట్టి, రొప్పుతూ తిరిగి వచ్చాడు.

"ఆమెన్, ఆమెన్. అయిపోయిందా అన్నా?"

"ఇంకా మొదలుపెట్టలేదు తమ్ముడూ."

ఇద్దరూ నవ్వుకున్నారు. లోపలికి నడుస్తుంటే అతని నవ్వు త్వరగానే ఆరిపోయింది.

భోజనాల వేళ దాటాక మగవాళ్ళ వార్డు నుంచి పిలుపొచ్చింది. "ట్రాలీ! థియేటర్‌కి."

చివరి మంచం మీద ఒక ముసలాయన కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎండిన మనిషి. చెవి వెనక గోధుమరంగు చెవి మిషను, దాన్నుంచి చెవిలోకి సన్నటి గొట్టం. ఆపరేషన్ గౌను తొడుక్కున్నాడు కానీ వెనక తాళ్ళు విడిగా వేలాడుతున్నాయి. వీపంతా బయటే ఉంది.

"అబ్బాయ్, ఇలా రా," అన్నాడు. యాభై దాటినవాణ్ణి అబ్బాయ్ అని పిలిచేవాళ్ళు ఇంకా ఉన్నారని అతనికి చిత్రంగా అనిపించింది. "ఈ గౌను కుట్టినవాడికి బుద్ధి లేదు. ముడి వీపు మీద పెట్టాడు. అంటే ఏమిటి? ఇంకో మనిషి ఉంటేనే ఈ బట్ట కట్టుకోగలవు. నలభై ఏళ్ళు దర్జీ పని చేశాను, ఒక్క బట్టకూ ఇంత అన్యాయంగా ముడి పెట్టలేదు."

అతను తాళ్ళు అందుకుని, మెడ దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి ముడి వేశాడు. వీపు చల్లగా ఉంది.

"మీవాళ్ళెవరూ లేరా పెద్దాయనా?"

"మేనల్లుడున్నాడు. పొద్దున వచ్చి సంతకం పెట్టాడు. మళ్ళీ వస్తానన్నాడు. వస్తాడు, రాకేం."

ట్రాలీ మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, బండి కదిలించాడు. పాదాలు ముందుకు ఉండేలా తోస్తాడతను.

"ఏంటిది, కాళ్ళు ముందుపెట్టి లాక్కెళుతున్నావు? అప్పుడే మోసేస్తున్నారా?"

"తల ముందుంటే కళ్ళు తిరుగుతాయండీ. ఇలాగైతే ఎక్కడికి పోతున్నామో కనిపిస్తుంది."

"కనిపించి ఏం లాభం, నేనాపగలనా?" అన్నాడు దర్జీ. లిఫ్టులో అతని చొక్కా వంక కిందినుంచి పరీక్షగా చూశాడు. "భుజం జారింది. ఎవడు కుట్టాడు?"

"ఆస్పత్రివాళ్ళే ఇస్తారండీ."

"కొలత తప్పు కాదులే. చంక దగ్గర సరిగ్గానే ఉంది. మనిషే తగ్గాడు." చొక్కా గుండీ వంక చూసి, "మీ ఆవిడ ఎప్పుడు పోయింది?" అని అడిగాడు.

అతను ఉలిక్కిపడ్డాడు. "వానాకాలంలో."

"ఊఁ. గుండీ ఊడి, వేరే రంగు దారంతో కుట్టుకున్నావు. నువ్వే కుట్టుకున్నావని తెలుస్తూనే ఉంది."

థియేటర్ తలుపు పైన ఎర్ర దీపం వెలుగుతోంది. లోపల ముందు కేసు ఇంకా అవలేదు. అతను ట్రాలీని గోడ వారగా ఆపి, నిలబడలేక ముందుకు ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు తోస్తున్నాడు.

"ఊయల ఊపుతున్నావా? ఒకచోట ఉండు నాయనా. భయం నీకా, నాకా?"

అతను బ్రేకు వేశాడు. దర్జీ పైకప్పు చూస్తూ మాట్లాడాడు.

"చర్చివాడివేగా నువ్వు. పెదాలు కదులుతుంటే చూశాను. నేనూ వెళ్ళేవాణ్ణి. పాటల బృందానికి తెల్ల అంగీలు నేనే కుట్టాను. తర్వాత చెవి పోయింది. ఈ మిషను పెట్టుకుంటే పక్కవాడి దగ్గు వినిపిస్తుంది, ప్రార్థన వినిపించదు. అయ్యగారి పెదాలు ఎప్పుడు ఆగుతాయా అని చూసి, ఆగగానే ఆమెన్ అనేవాణ్ణి. అప్పటికే అందరూ అనేసి ఉండేవాళ్ళు. నాది ఒక్కటే వెనకాల మోగేది. ఒకసారి ముందు వరసలో పిల్లలు నవ్వారు. వాళ్ళమ్మా నవ్వింది. ఇక వెళ్ళలేదు."

"ఎవరూ పిలవలేదా?"

"పిలిచే ఉంటారు. నాకు వినపడాలిగా," అని నవ్వాడు.

తలుపు తీసుకుని థియేటర్ సిస్టర్ తొంగిచూసింది. "ఇంకొంచెం సేపు. అయ్యో, ఈ చెవి మిషను వార్డులోనే తియ్యాలి కదా. తాతగారూ, తీసెయ్యండి. ట్రాలీ, నీ దగ్గర పెట్టుకుని వార్డులో ఇచ్చెయ్."

దర్జీ మెల్లగా తీసి అతని చేతిలో పెట్టాడు. చిక్కుడు గింజంత ఉంది. వెచ్చగా ఉంది. గుప్పిట మూయగానే సన్నగా కూసింది. అతను కంగారుపడి చెయ్యి తెరిచాడు.

"మూస్తే అలాగే కూస్తుంది," అన్నాడు దర్జీ. ఇప్పుడు గొంతు రెండింతలైంది. "దాని గోల అదే వింటుంది. బతికున్నట్టు లెక్క."

సిస్టర్ తలుపు వేసుకుంది. దర్జీ ముఖం మారిపోయింది. ఇంతసేపూ ఎకసెక్కాలాడిన కళ్ళు దీపం మీంచి తలుపు మీదికి, తలుపు మీంచి అతని నోటి మీదికి తిరిగాయి. నూతిలో పడ్డవాడు పైకి చూసినట్టు చూశాడు.

"అబ్బాయ్, ఏదైనా ప్రార్థన చెయ్యి. నాకు వినపడదని ఆగకు. వినాల్సినవాడికి వినపడుతుందిలే."

అతను ట్రాలీ కడ్డీ పట్టుకున్నాడు. "ప్రభువా," అన్నాడు. ఈ పెద్దాయనను కాపాడమన్నాడు. డాక్టరుగారి చేతులకు తోడుండమన్నాడు. మేనల్లుణ్ణి వేళకు తీసుకురమ్మన్నాడు. అలవాటైన మాటలు అయిపోయాయి. ఎదుట ఉన్నవాడికి వినపడదన్న ధైర్యంతో మిగతావి బయటికొచ్చాయి.

"ప్రభువా, నాకు ఇంటికి వెళ్ళాలని లేదు. తాళం తీసేటప్పుడు లోపల చప్పుడవుతుందేమోనని ఇంకా వింటున్నాను. నువ్వు తోడున్నావని అందరూ అంటారు. ఉన్నావు, కాదనను. కానీ నువ్వు పాలు పొంగుతున్నాయని చెప్పవు. నా మీద విసుక్కోవు. నేను ఎంతసేపు మాట్లాడినా ఊరుకుంటావు. నాకు ఆ ఊరుకోవడమే భరించడం కష్టంగా ఉంది. నీ మీద కోపం కాదు. కోపమేనేమో. క్షమించు. ఆ కుర్చీలో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు నేనెవరినో తోసుకుంటూ ఈ వరండాలోనే ఉన్నాను. అప్పుడు నువ్వు ఆమె దగ్గర ఉన్నావని ఒక్కసారి..."

అక్కడ మాట ఆగింది. ఎప్పటిలాగే దాని తర్వాత ఏమీ లేదు. పెదాలు రెండూ కలిశాయి.

దర్జీ ఆ పెదాలనే చూస్తున్నాడు. అవి మళ్ళీ తెరుచుకుంటాయేమోనని ఒక్క క్షణం చూశాడు. తెరుచుకోలేదు.

"ఆమెన్!" అన్నాడు.

చెవిటివాడి గొంతు అది. వరండా ఆ చివర సెలైన్ స్టాండు తోసుకుపోతున్న నర్సు వెనక్కి తిరిగి చూసింది. అతను కడ్డీని ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఏడుపు రాలేదు, గొప్ప శాంతి ఏదీ దిగిరాలేదు. వీపు మీద ఎప్పటినుంచో విడిగా వేలాడుతున్న తాడు ఎవరో అందుకుని ముడి వేసినట్టయింది, అంతే.

"పొడుగ్గానే చేశావు," అన్నాడు దర్జీ. "ఇప్పుడు నా వంతు. నాది చిన్నదే."

కళ్ళు మూసుకున్నాడు. శబ్దం లేదు. ముడతలు పడ్డ పెదాలు మాత్రం కదులుతున్నాయి. అతను వాటినే చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడు ఆగితే అప్పుడనాలి. ఎర్ర దీపం ఆరింది. తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. లోపలి మనుషులిద్దరు ట్రాలీ ముందు కడ్డీ పట్టుకుని లాగారు. పెదాలు ఇంకా కదులుతున్నాయి. గుమ్మం దాటాయి. అక్కడ ఆగినట్టున్నాయి. తలుపు మూసుకుంది.

అతని నోరు తెరిచి ఉంది. అనాల్సిన మాట అందులోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా అతను ఇంకో ట్రాలీతో తిరిగాడు. ఎక్స్‌రేకి ఒకావిణ్ణి, స్కానింగుకు ఇంకొకాయన్ని తీసుకెళ్ళాడు. జేబులో చెవి మిషను బట్టకు ఒరుసుకుని అప్పుడప్పుడూ కూస్తోంది. "జేబులో కీచురాయిని పెంచుకుంటున్నావా ఏంటన్నా?" అంది ఎక్స్‌రే గది ఆయమ్మ. దాన్ని ఎలా ఆపాలో అతనికి తెలియలేదు. వార్డులో ఇచ్చేయవచ్చు. ఇవ్వలేదు. ముసలాయన బయటికి రాగానే చెవిలో పెట్టి, మీకు బాకీ పడ్డాను అని చెప్పి, అప్పుడు ఆమెన్ అనాలనుకున్నాడు. ఆ మాట తలుచుకుంటే నవ్వొచ్చింది. ప్రతి పని మధ్యలో థియేటర్ వైపు ఒక చుట్టు తిరిగి వచ్చాడు. దీపం ఎర్రగానే ఉంది.

పొద్దు వాలుతుండగా పిలుపొచ్చింది. "ట్రాలీ!"

సిస్టర్ అతని ముఖం చూడలేదు. "గుండె తట్టుకోలేదు. కిందికి తీసుకెళ్ళు." కిందికి అంటే మార్చురీ.

తెల్ల దుప్పటి తల మీదిదాకా కప్పి ఉంది. మేనల్లుడు వచ్చాడు. నలిగిన చొక్కా, చేతిలో మోటారు సైకిలు తాళం. ఏడ్చాడో చెమటో తెలియదు, ముఖం తుడుచుకుంటున్నాడు. "ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానండీ," అన్నాడు, ఎవరూ అడగకుండానే. అతను జేబులోంచి చెవి మిషను తీసి చూపించాడు. మేనల్లుడు దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అది నాకొద్దండీ. మామయ్యది అది... నేను చూడలేను. ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యండి. లేకపోతే మీరే ఉంచండి."

అతను పాదాలు ముందుకు పెట్టి తోశాడు. వెనక లిఫ్టు, వంట గది పక్క దారి, వాలుగా దిగే సిమెంటు బాట. బాట మీద బండి పరిగెత్తకుండా ఒళ్ళంతా వెనక్కి వాల్చి పట్టుకున్నాడు. మార్చురీ మనిషి తాళంచెవి కోసం ఆఫీసుకు వెళ్ళాడు. మేనల్లుడు పైనే, ఫోనులో చుట్టాలకు చెబుతున్నాడు. తలుపు ముందు వాళ్ళిద్దరే మిగిలారు.

దుప్పటి పక్కనుంచి గౌను తాడు ఒకటి వేలాడుతోంది. చక్రంలో పడుతుందని దాన్ని పైకి తీసి లోపలికి దోపాడు. కాసేపు నిలబడ్డాడు. ఎందుకో కాళ్ళు అటూ ఇటూ పోలేదు.

"ఆమెన్," అన్నాడు మెల్లగా.

అంత మెల్లగా అంటే ఈయనకు వినపడదని గుర్తొచ్చింది. దుప్పటి మీదికి వంగి మళ్ళీ గట్టిగా అన్నాడు. ఆ మాట సిమెంటు గోడలకు తగిలి, అందరికన్నా వెనకాల, ఒక్కటే మోగింది.

ఇంటికి వెళ్ళాడు. తాళం తీసేటప్పుడు ఆగి విన్నాడు. లోపల చప్పుడేమీ లేదు. చేతులు కడుక్కుని, కుర్చీ ఎక్కి, బీరువా మీంచి దుప్పటి దించాడు. దుమ్ము దులిపి మంచం పక్కన పరిచాడు. మోకరిస్తే జేబులో గుచ్చుకుందని చెవి మిషనును తీసి ఆవిడ వైపు పెట్టాడు.

ఆ రోజు ప్రార్థన చిన్నది. దర్జీ గురించి, మేనల్లుడి గురించి, రేపు బండి ఎక్కేవాళ్ళ గురించి. ఆ కుర్చీ గురించి మధ్యలో వదిలేసిన వాక్యం ఇప్పుడూ పూర్తికాలేదు. కుళాయి చుక్క చుక్కగా కారుతున్న శబ్దం వినబడింది. లేచి కట్టాలనిపించింది. లేవలేదు. పెదాలు మూసుకుని అక్కడే ఉన్నాడు.

దుప్పటి మడతలో, ఆవిడ మోకాళ్ళు ఆనే చోట, చిక్కుడు గింజంత చెవి మిషను సన్నగా కూస్తూనే ఉంది.